ఐదో గేరు కోసం వెళ్తే

వాన పెరిగింది. ఎం40 మోటార్‌వే మీద లండన్ నుంచి ఆక్స్‌ఫర్డ్ వైపు వస్తున్నావు. స్టోకెన్‌చర్చ్ ఇప్పుడే దాటింది. ఇక్కడ రోడ్డు చిల్టర్న్ గుట్టలను నిలువునా కోసుకుంటూ కిందికి దిగుతుంది. రెండు పక్కలా తెల్లటి సుద్దరాతి గోడలు. మధ్యలో మూడు వరసల బండ్లు, నీళ్ల తుంపర, ఎర్ర దీపాలు.

నువ్వు నడుపుతున్నది 1966 నాటి ఎంజీబీ. రెండు సీట్లు, గుడ్డ టాపు. సీటు ఎంత కిందికి ఉందంటే, పక్కన పోతున్న లారీ చక్రాల నట్లు నీ కళ్లకు సూటిగా తిరుగుతున్నాయి. టాపు అంచు నుంచి చుక్కలు కారి కుడి మోకాలి మీద పడుతున్నాయి.

ఇందాక చదును రోడ్డు మీద గంటకు 70 మైళ్లు పోయావు. ఈ దేశంలో మోటార్‌వే మీద అంతకు మించి పోకూడదు. ఆ వేగానికే ఇంజిన్ నిమిషానికి 3,900 చుట్లు తిరిగింది. ఆ మోతలో నీ మాట నీకే వినపడలేదు. ఇంకో గేరు ఉంటే బాగుండునని ఎడమ చెయ్యి దానంతటదే గేర్ రాడ్ మీదికి పోయింది. ఉన్నవి నాలుగే. నాలుగోదాంట్లోనే ఉన్నావు.

ఇప్పుడు దిగుడు. ముందున్న వరస నెమ్మదించింది. క్లచ్ తొక్కి, కొంచెం రేస్ ఇచ్చి, మూడో గేరులోకి లాగుతావు. 50 మైళ్లు. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తావు. ఇంజిన్ బండిని వెనక్కి పట్టి ఉంచుతోంది. అద్దంలో వెనక లారీ కనిపిస్తోంది.

టక్.

గేర్ రాడ్ అరచేతిని కొట్టి మధ్యలోకి వచ్చేసింది.

ఇంజిన్ చప్పుడు పడిపోయింది. ముల్లు కిందికి జారింది. బండిని పట్టి ఉంచేది ఇక ఏదీ లేదు. న్యూట్రల్. దిగుడు. తడి.

ముందు ఎర్ర దీపాలు దగ్గరవుతున్నాయి.

బ్రేకు గట్టిగా తొక్కుతావా? ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు, బూస్టర్ లేదు. సన్నటి టైర్లు. చక్రం బిగుసుకుంటే బండి జారుతుంది.

మళ్లీ మూడో గేరు వేస్తావా? ఇంజిన్‌ను 3,800 దాకా లేపాలి. పడినా మళ్లీ ఎగిరిపోతుంది.

నాలుగు. దానికి 2,800 చాలు.

క్లచ్. రేస్. వెయ్యి.

పడింది.

ఇప్పుడు బ్రేకు. మెల్లగా. వదులు. మళ్లీ తొక్కు. లారీ హారన్. అద్దం నిండా దాని గ్రిల్లు. ఎడమకు సర్దుకో. ఇంకా. ఇంకొంచెం.

ముందు దీపాలు ఆరాయి. వరస కదిలింది.

కింద మైదానంలోకి వచ్చాక గానీ చేతులు వణుకుతున్నాయని నీకు తెలియదు. ఇంటిదాకా మూడో గేరు వేసినప్పుడల్లా రాడ్‌ను చేత్తో అదిమి పట్టుకుంటావు. అలా పట్టుకోవడం లోపల ఫోర్కును అరగదీస్తుందని తెలుసు. అయినా పట్టుకుంటావు.

తెల్లారాక ఆబింగ్‌డన్‌లో, అద్దె గ్యారేజీలో, కారు నాలుగు స్టాండ్ల మీద ఉంది. ఈ కారు పుట్టింది ఈ ఊళ్లోనే. 1962 నుంచి 1980 దాకా ఐదు లక్షలకు పైగా ఎంజీబీలు తయారయ్యాయి. తర్వాత ఆ ఫ్యాక్టరీ మూతపడింది. బాబాయ్ విజయవాడ నుంచి వచ్చి వారమైంది. ఆటోనగర్‌లో జీవితమంతా అంబాసిడర్లు విప్పి బిగించిన మనిషి. బానెట్ ఎత్తగానే నవ్వాడు.

"ఇది మన అంబాసిడర్ ఇంజినే కదరా నాన్నా!"

తప్పేమీ లేదు. బీఎంసీ వాళ్ల బీ-సిరీస్ ఇంజిన్. అంబాసిడర్‌లో 1489 సీసీ, ఇక్కడ 1798 సీసీ. ట్యాపెట్ల టకటక బాబాయ్‌కి చిన్నప్పటి నుంచీ తెలిసిన చప్పుడు. ఆయన బండికి గేర్ రాడ్ స్టీరింగ్ పక్కన ఉండేది, నీకు నేల మీద ఉంది. గేర్లు మాత్రం అక్కడా నాలుగే, ఇక్కడా నాలుగే.

ట్రే పెట్టి గేర్‌బాక్స్ కింది ప్లగ్ విప్పుతావు. నల్లటి నూనె సన్నటి ధారగా దిగుతుంది. వాసన చూస్తే ఇంజిన్ ఆయిల్. ఆశ్చర్యపోకు. ఈ పెట్టెకు కంపెనీ పొయ్యమన్నది అదే. బాబాయ్ రెండు వేళ్ల మధ్య నూనె రుద్ది వెలుతురుకు పెడతాడు. పసుప్పచ్చటి మెరుపు. అది ఇత్తడి, గేరు పడేముందు లోపలి వేగాలను కలిపే సింక్రో రింగుల అరుగుదల. దానికి అంతగా భయపడక్కర్లేదు. తర్వాత ప్లగ్ చివర పేరుకున్న మడ్డిని తుడుస్తాడు. అందులోంచి గోరంత ఉక్కు పెచ్చు ఒకటి వేలికి గుచ్చుకుంటుంది.

"ఇది పన్ను," అంటాడు. "లే షాఫ్ట్ పోయింది." పెట్టె అడుగున ఉండి మిగతా గేర్లను తిప్పే ఇరుసు అది.

గేరు ఎందుకు ఎగిరిపోయిందో ఇప్పుడు అర్థమవుతుంది. గేరు పడిందంటే లోపల రెండు వరసల చిన్న పళ్లు ఒకదాన్నొకటి పట్టుకున్నాయన్నమాట. ఆ పళ్ల అంచులు గుండ్రబడి, బేరింగులు వదులైతే, కాలు తీసిన క్షణంలో బరువు అటు నుంచి ఇటు మారగానే పట్టు జారుతుంది. మొదటి గేరుకైతే నీ కారులో సింక్రోనే లేదు. బండి పూర్తిగా ఆగకుండా వేస్తే కరకరమంటుంది. 1967 చివర్లో వచ్చిన మార్పుతో గానీ నాలుగు గేర్లకూ సింక్రో రాలేదు.

ఇక ముందున్న దారులు మూడు. పాతదాన్నే విప్పి, లే గేరు, బేరింగులు, రింగులు కొత్తవి వేసి బిగించవచ్చు. కారు కారులాగే ఉంటుంది. 70 మైళ్లకు 3,900 కూడా అలాగే ఉంటుంది. లేదా ఓవర్‌డ్రైవ్ వేయించవచ్చు. ఆ రోజుల్లో అదనపు డబ్బు కట్టినవాళ్లకు ఇచ్చిన లేకాక్ వారి యూనిట్ అది. పెట్టె వెనక కూర్చుని, స్విచ్ నొక్కగానే మూడు, నాలుగు గేర్లను ఇంకొంచెం పొడవు చేస్తుంది, అంటే అదే వేగానికి ఇంజిన్ తక్కువ తిరుగుతుంది. దాన్ని తెచ్చి నీ పెట్టె తోకకు తగిలించేస్తే సరిపోతుందనుకుంటావు. కుదరదు. లోపలి మెయిన్‌షాఫ్టే వేరు. పెట్టె మొత్తం మారాలి, అదీ నీ కారు కాలానికి సరిపోయేది దొరకాలి. నీ కారుకు ఓవర్‌డ్రైవ్ ముందే ఉండి ఉంటే నేను ఇంకో మాట చెప్పేవాణ్ణి కాదు. దాన్నే బాగుచేయించుకో, ఐదు గేర్ల ఊసే ఎత్తకు అనేవాణ్ణి. నీకు లేదు. అందుకే మూడో దారి: ఇంకో కారు ఐదు గేర్ల పెట్టె.

ప్రిన్సెస్ రిస్‌బరో ఊరి బయట ఒక షెడ్డు. పాత ఎంజీబీలకు ఐదు గేర్లు బిగించడమే అక్కడి పని. లోపలికి అడుగుపెట్టగానే గేర్ ఆయిల్ ఘాటు ముక్కుకు తగులుతుంది. బల్ల మీద రెండు పెట్టెలు పక్కపక్కనే ఉన్నాయి.

ఎడమ వైపుది ఫోర్డ్ టైప్ 9. 1980ల ఫోర్డ్ సియెర్రాల్లో వచ్చింది. ఒక చివర ఎత్తి చూస్తావు. పోత ఇనుము, నడుము పట్టేస్తుంది. కుడి వైపుది మాజ్దా ఎంఎక్స్-5 నుంచి తీసింది. అల్యూమినియం, తేలిక. ఎంఎక్స్-5లు ఇక్కడ బోలెడన్ని పాతబండ్ల యార్డులకు చేరుతుంటాయి. చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు డోరు కింది సిల్ రేకును తినేస్తుంది. బాడీ పోతుంది, ఇంజినూ గేర్‌బాక్సూ మిగులుతాయి.

ఐదో గేరు కోసం వచ్చావు కాబట్టి ముందు ఆ అంకె అడుగుతావు. ఫోర్డ్‌ది 0.82. మాజ్దాది 0.81. అంటే వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్ ఒక చుట్టు తిరగడానికి ఇంజిన్ చుట్టులో ఐదింట నాలుగు వంతులకు కాస్త ఎక్కువ తిరిగితే చాలు. ఫోన్ తీసి లెక్క వేస్తావు. రెంటిలో ఏది బిగించినా 70 మైళ్లకు 3,900 కాస్తా దాదాపు 3,200కి దిగుతుంది.

రెంటిలో తేడా లేదు. దేనికోసం వచ్చావో అది దేన్ని ఎంచుకోవాలో చెప్పడం లేదు.

నాలుగో గేరు చూస్తావు. రెండింటికీ 1.00. మూడు? ఫోర్డ్ 1.37, మాజ్దా 1.33. రెండు? 1.97, 1.89. ఇంతవరకూ దగ్గర దగ్గరే. మొదటి గేరు దగ్గర వేలు ఆగిపోతుంది. ఫోర్డ్‌ది 3.65. మాజ్దాది 3.14.

"ఫోర్డ్ ఫస్ట్ గేరు మరీ పొట్టి" అని ఎంజీబీ వాళ్లు నీతో ఎందరో అన్నారు. నీ పాత పెట్టె కాగితం తీసి చూసుకో. దాని మొదటి గేరు 3.64. అంటే నీ 1966 కారుకు ఫోర్డ్ మొదటి గేరు కొత్తేమీ కాదు. కదిలేటప్పుడు కాలికి తెలిసే తేడా ఉండదు. తేడా ఆ తర్వాత మొదలవుతుంది. నీ పాత రెండో గేరు 2.21. ఫోర్డ్‌ది 1.97. మొదటికీ రెండోదానికీ మధ్య ఖాళీ పెరిగింది. మొదటి గేరులో 5,000 దాకా లాగి రెండు వేస్తే, పాతదాంట్లో ముల్లు 3,000 దగ్గర నిలిచేది. ఫోర్డ్‌లో 2,700కి పడుతుంది. మాజ్దాలో మళ్లీ 3,000.

మూడు వందల చుట్లే కదా అనిపిస్తుంది. కానీ ఈ ఇంజిన్ తన పూర్తి లాగుడు బలం ఇచ్చేది సరిగ్గా 3,000 దగ్గర.

బాబాయ్ అంకెలు వినడం మానేసి సుద్దముక్క తీశాడు. ఫోర్డ్ పెట్టె ముందు షాఫ్ట్ మీద ఒక గీత, వెనక ఫ్లాంజ్ మీద ఒక గీత గీశాడు. మొదటి గేరు వేసి ముందు షాఫ్ట్ చేత్తో తిప్పుతున్నాడు. ఒకటి. రెండు. మూడు. ఇంకో చుట్టులో మూడింట రెండు వంతులు. వెనక గీత మళ్లీ పైకి వచ్చింది. ఇలా లెక్కపెట్టడం ఎందుకో తెలుసా? ఇదే పెట్టె వీ6 ఇంజిన్ల ఫోర్డ్‌లకు 3.36తో కూడా వచ్చింది. అదైతే మూడు చుట్లూ మూడో వంతే. అమ్మేవాడి మాట నమ్మక్కర్లేదు, సుద్దముక్క చెప్తుంది.

తర్వాత ముందు షాఫ్ట్ పట్టుకుని పైకీ కిందికీ ఊపుతాడు. నువ్వూ ఊపు. కొంచెం ఆడుతుంది, ఆడాలి కూడా, ఎందుకంటే దాని ముక్కు ఇంజిన్ క్రాంక్ చివరి బుష్‌లో కూర్చునేదాకా దానికి రెండో ఆధారం లేదు. ఆడటం కాదు, గరగర తగలకూడదు. కళ్లు మూసుకుని తిప్పు. మాజ్దాది నున్నగా తిరిగింది. ఫోర్డ్‌ది ఒక్కచోట వేలికి సన్నటి గరుకు తగిలింది. దీన్ని విప్పి బేరింగులు మార్చాలి. విప్పితే పొడవు మొదటి గేరు సెట్టు కూడా అందులోనే వేయించుకోవచ్చు. షెడ్డాయన ధర చెప్తాడు. నువ్వు మాట్లాడవు.

"నడిపి చూడండి," అంటాడాయన. బయట రెండు ఎంజీబీలు ఉన్నాయి, ఒకదాంట్లో ఫోర్డ్, ఒకదాంట్లో మాజ్దా. ఊరి చివర కాప్ హిల్ ఉంది. 1910 నుంచి ఇక్కడ కొండెక్కే పోటీలు జరిగేవి. 1925లో ఒక కారు తగిలి చూడ్డానికి వచ్చిన మనిషి కాలు విరిగింది. ఆ తర్వాత బ్రిటన్‌లో మామూలు రోడ్ల మీద అలాంటి పోటీలే ఆగిపోయాయి. ఇప్పుడది ఊరివాళ్ల మామూలు దారి. బాగా నిటారుగా ఉన్నచోట నాలుగు అడుగులకు ఒక అడుగు లేస్తుంది.

ముందు ఫోర్డ్. నిటారు మధ్యలో కావాలనే ఆపుతావు. హ్యాండ్ బ్రేక్. ముందు అద్దంలోంచి ఆకాశం తప్ప ఏమీ కనిపించదు. మొదటి గేరు. క్లచ్ వదులుతూ హ్యాండ్ బ్రేక్ దించుతావు. ఇబ్బందే లేదు, బండి లేచింది. 3,000. 4,000. చూస్తుండగానే 5,000, వేగం మాత్రం 25 మైళ్లు కూడా లేదు. రెండు వెయ్యాలి. వేస్తావు. మెట్లు ఎక్కుతూ ఒక మెట్టు ఉందనుకుని కాలు వేస్తే అక్కడ లేనట్టు, బలం ఒక్కసారిగా పోయింది. గేరు మార్చిన ఆ ఒక్క క్షణంలో కొండ కొంత వేగాన్ని లాగేసుకుంది కూడా. ఇంజిన్ గొణుగుతూ, చాలాసేపటికి గానీ కోలుకోలేదు.

తర్వాత మాజ్దా. అదే చోటు. హ్యాండ్ బ్రేక్. ఇక్కడ మొదటి గేరు పొడవు, ఇంజిన్‌కు కష్టం. రేస్ ఎక్కువ ఇవ్వాలి. క్లచ్ సగంలో పట్టి ఉంచాలి. బండి ఒక జానెడు వెనక్కి జారింది. వెనక ఒక వ్యాన్ ఉంది. రేస్. ఇంకా. సన్నగా క్లచ్ కాలిన వాసన. పట్టింది. కదిలింది. మొదటి గేరు 28 మైళ్ల దాకా లాగుతూనే ఉంది. రెండు. మణికట్టు కదిలిందంతే, రాడ్ లోపలికి తనే వెళ్లి కూర్చుంది. ఇంజిన్ ఆగకుండా లాగుతోంది. మలుపు. మూడు. పైకి వచ్చేశావు.

షెడ్డాయన ఏమీ అడగడు. నీ ఎడమ చెయ్యి ఇంకా రాడ్ మీదే ఉంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. నీ ఇల్లు నిటారు కొండ మీద ఉంటే, రోజూ ట్రాఫిక్‌లో ఆగి కదులుతుంటే, లేదా వెనక ట్రైలర్ లాగుతుంటే, ఫోర్డ్ పొట్టి గేరు నీకు దేవుడిచ్చిన వరం. దాన్ని తీసుకో, ఎవరి మాటా వినకు. నీ దారులు అవి కావు. నువ్వు ఆదివారాలు ఊళ్ల మధ్య వంకర రోడ్ల మీద తిరుగుతావు, నెలకోసారి మోటార్‌వే ఎక్కుతావు. ఒకసారి క్లచ్ వాసన వస్తే ఓర్చుకోగలవు. ప్రతి మలుపు తర్వాతా గొణిగే ఇంజిన్‌ను ఓర్చుకోలేవు.

ఇక ఒక్క ప్రశ్న మిగిలింది, డబ్బిచ్చే ముందు అడగాల్సింది. కారును కొయ్యాలా?

1967కు ముందు కార్లలో గేర్‌బాక్స్ పైన రేకు టన్నెల్ ఇరుకు. షెడ్డాయన లిఫ్ట్ మీదున్న ఇంకో పాత కారు కిందికి తీసుకెళ్లి టార్చ్ వేస్తాడు. మాజ్దా పెట్టె టన్నెల్ లోపల చేతివేలు పట్టేంత ఖాళీతో కూర్చుంది. ఎక్కడా కోత లేదు, వెల్డింగ్ లేదు. ఎంఎక్స్-5లో ఈ పెట్టె తోకను ఒక పొడవాటి ఫ్రేమ్ వెనక డిఫరెన్షియల్ దాకా పట్టి ఉంచుతుంది. ఎంజీబీలో అది కుదరదు కనుక కింద కొత్త బ్రాకెట్ వేశారు. ముందు ఇంజిన్‌కు కలిపే కొత్త బెల్‌హౌసింగ్, పొడవు తగ్గించి బ్యాలెన్స్ చేయించిన ప్రొపెల్లర్ షాఫ్ట్. అన్నీ బోల్టులే. రేపెప్పుడైనా పాత పెట్టె మళ్లీ పెట్టుకోవచ్చు. నా మటుకు ఇది బేరం ఆడకూడని విషయం. దాదాపు అరవై ఏళ్లు నిలిచిన రేకును ఒక గేర్‌బాక్స్ కోసం కొయ్యకూడదు. కొయ్యాలంటే ఇంకో కిట్ వెతుక్కో.

డబ్బు ఇస్తావు.

శనివారం. గ్యారేజీలో చెయిన్ బిగుస్తోంది. ఎంజీబీలో గేర్‌బాక్స్‌ను ఒక్కదాన్నే కిందికి దించడం కుదరదు. ఇంజినూ అదీ కలిపి ముందు నుంచి పైకి లాగాలి. బానెట్ తీసేశావు. రేడియేటర్ తీశావు. పైపులు, వైర్లు, ప్రొపెల్లర్ షాఫ్ట్, కింది క్రాస్‌మెంబర్, అన్నీ విప్పావు. మొత్తం బరువు సుమారు రెండు వందల కిలోలు. బాబాయ్ కారు పక్కన నిలబడి పెట్టె తోకను చేత్తో దారి పట్టిస్తున్నాడు. నువ్వు క్రేన్ పంపు కొడుతున్నావు.

లేస్తోంది. ఇంజిన్ ముక్కు పైకి తిరిగింది. తోక టన్నెల్‌లోంచి మెల్లగా జారి వస్తోంది.

"ఇంకొంచెం లేపు నాన్నా."

లేపుతావు. క్రేన్‌ను వెనక్కి లాగాలి. లాగుతావు. కదలదు. ఇంకొంచెం బలంగా లాగుతావు.

క్రేన్ చక్రం నేల మీద పడిన నట్టును తన్నింది.

క్రేన్ ఆగింది. ఇంజిన్ ఆగలేదు.

ఊగింది. వెనక్కి. బెల్‌హౌసింగ్ కారు గోడ వైపు.

బాబాయ్ చెయ్యి అక్కడే ఉంది.

"చెయ్యి తియ్!"

తీశాడు.

ధన్.

రేకు సొట్టపోయింది. గొలుసు కీచుమంది. మళ్లీ ఊగి వస్తోంది. పట్టుకోకు. రెండు వందల కిలోలు. పట్టుకుంటే నిన్నే నలుపుతుంది. పక్కకు జరుగు. వాల్వు. మెల్లగా తిప్పు. మెల్లగా. దించు.

దిగింది. ఆగింది.

బాబాయ్ అరచెయ్యి తిప్పి చూసుకుంటున్నాడు. వేళ్లన్నీ ఉన్నాయి. ఏమీ అనడు. వంగి నట్టు తీసి జేబులో వేసుకుంటాడు. చీపురు తెచ్చి నేలంతా ఊడుస్తాడు. అప్పుడు గానీ మళ్లీ పంపు ముట్టుకోనివ్వడు.

ఆ తర్వాత పని సాఫీగా సాగుతుంది. పాత పెట్టెను గోడ పక్కన పెట్టి, షాఫ్ట్ మీద గుడ్డ చుట్టి, తేదీ రాసిన చీటీ కడతావు. క్రాంక్ చివర పాత బుష్ బయటికి రావడం లేదు. బాబాయ్ ఆ రంధ్రంలో గ్రీజు కూరి, సరిగ్గా పట్టే రాడ్డు పెట్టి సుత్తితో కొడతాడు. గ్రీజుకు పోవడానికి చోటు లేక, బుష్‌నే వెనక నుంచి నెడుతుంది. మూడు దెబ్బలకు అది రాడ్డు చుట్టూ జారి బయటికొస్తుంది. కిట్‌తో వచ్చిన కొత్త బుష్‌ను కంచు పొడి అదిమి చేశారు. నూనె పీల్చుకుంటుంది. రాత్రంతా నూనెలో నానబెట్టి మర్నాడు కూర్చోబెడతావు. క్లచ్ ప్లేటు మధ్యలోకి వచ్చిందో లేదో చూసి కవర్ బిగిస్తావు. ఇది ఒక్క వెంట్రుకవాసి పక్కకున్నా షాఫ్ట్ లోపలికి పోదు. అప్పుడు బోల్టులతో లాగి బిగించాలనే ఆశ పుడుతుంది. అలా లాగినవాళ్లు బెల్‌హౌసింగ్ పగలగొట్టుకుంటారు. నీది చేత్తో నెట్టగానే వెళ్లింది.

నూనె దగ్గర ఆగు. చేతిలో ఉన్న 20డబ్ల్యూ-50 డబ్బా పక్కన పెట్టు. అది పాత పెట్టెది. మాజ్దాకు 75డబ్ల్యూ-90, జీఎల్-4 అని రాసి ఉన్నది కావాలి. జీఎల్-5 అని ఉంటే వెనక్కి ఇచ్చెయ్. డిఫరెన్షియల్‌కు మంచి చేసే ఆ మందు ఇక్కడ సింక్రో రింగుల ఇత్తడిని తినే ప్రమాదం ఉంది. గేర్ రాడ్ అడుగున కూడా ఒక చిన్న గుంత ఉంటుంది, దానికీ విడిగా నూనె పోయాలి. అక్కడి రబ్బరు తొడుగు చినిగి ఉంటే ఇప్పుడే మార్చు, నైలాన్ బుష్ కూడా. రాడ్ వదులుగా ఊగే మాజ్దాలకు చాలాసార్లు జబ్బు అక్కడే, అదీ చవకలో పోయే జబ్బు.

ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేస్తావు. గేర్‌బాక్స్ మారిందని చెప్తావు. చెప్పకపోతే కష్టకాలంలో వాళ్లు డబ్బు ఇవ్వకపోవచ్చు.

ఆ పై వారం, ఆదివారం పొద్దున్న. బాబాయ్ పక్క సీట్లో కూర్చున్నాడు, మోకాళ్లు డాష్‌బోర్డుకు తగులుతున్నాయి. వాంటేజ్ దాటి బీ4507 పట్టుకుంటావు. గుట్టల అంచు వెంబడి పోయే సన్నటి దారి, రెండు వైపులా పొదలు. స్పీడోమీటర్ 40 అంటోంది. బాబాయ్ చేతిలోని ఫోన్ 43 అంటోంది. నవ్వకు, ఇది లైసెన్సు మీద పాయింట్లు పడే విషయం. కేబుల్‌ను తిప్పే గేరు ఇప్పుడు మాజ్దాది, మీటరు మాత్రం పాతది. మీటరును కొత్త లెక్కకు సరిచేయించేదాకా ఫోన్‌నే నమ్ము.

ముందు మలుపు. లోపలికి మూసుకుపోతోంది. బ్రేకు. మూడు నుంచి రెండుకు, రాడ్ అరచేతి కింద తేలిగ్గా దిగుతుంది. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తావు. అరచెయ్యి రాడ్‌ను అదమబోయి ఆగుతుంది. గేరు కదల్లేదు. మలుపు మధ్యలో రేస్ ఇస్తావు. ఇంజిన్ 3,000 దాటి పాడుతోంది. మూడు. ఇంకో మలుపు. రెండు. ఎత్తు. మూడు.

బాబాయ్ గేర్ రాడ్ తల మీద చెక్కిన అంకెలు వంగి చూస్తున్నాడు. అంబాసిడర్‌కు ఇసుజు ఇంజిన్ పెట్టి ఐదో గేరు ఇచ్చినప్పుడు, ఆటోనగర్‌లో మొదటి బండి వచ్చిన రోజు అందరూ వరసగా ఎక్కి నడిపి చూశారట.

"ఐదో గేరు వెయ్యవేంరా? దాని కోసమే కదా ఇంత చేశావు?"

"రోడ్డు తిన్నగా రానీ బాబాయ్."

"ఇంకా ఎంత దూరం ఉంది?"

"ఆరేడు మైళ్లు."

"అయితే ఆ మలుపులో నన్నొకసారి రెండో గేరు వెయ్యనియ్. క్లచ్ నువ్వు తొక్కు."

తొక్కుతావు. బాబాయ్ కుడి చెయ్యి రాడ్ మీద పడుతుంది.